ఊదితే తెలిసే లెక్క

తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలోని పెరియపాళయం చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఆయాసాన్ని రోగాల లెక్కలో వేయరు. షుగరుంది, బీపీ ఉంది అని అడగకముందే చెప్పే పెద్దావిడ, నీళ్ల బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేయగానే గుమ్మం పట్టుకుని నిలబడిపోతుంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు. మనమే అడిగితే, “యాభై దాటినాక ఇంతే కదా నాయనా” అంటుంది. గుండెల్లో పిల్లికూతలు వినిపిస్తే పక్కింటి తమిళ మాట తెచ్చుకుని ‘ఇళుప్పు’ అంటుంది. కళ్లె పడితే ‘సళి’ అంటుంది. మగవాళ్లయితే ఇంకా తేలిక, “బీడీ దగ్గులే” అని తుడిచేస్తారు. పెద్దవాళ్లలో దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఎంతమందికి ఉందని లెక్క తీయబోయిన ప్రతివాడికీ మొదటి అడ్డంకి ఇక్కడే తగులుతుంది. తనకు జబ్బుందని రోగికే తెలియదు. తెలియని జబ్బును అడిగి రాబట్టలేం, కొలిచి పట్టుకోవాలి.

డాక్టర్ల భాషలో దీన్ని సీఓపీడీ అంటారు. ఉబ్బసం వేరు, ఇది వేరు. ఉబ్బసంలో గాలిగొట్టాలు బిగుసుకుంటాయి, మందు పడితే మళ్లీ వదులవుతాయి. రోగి రెండు దాడుల మధ్య మామూలు మనిషిలా తిరుగుతాడు. సీఓపీడీలో అలా పూర్తిగా వెనక్కి రావడం ఉండదు. ఏళ్ల తరబడి పీల్చిన పొగకో దుమ్ముకో గొట్టాల గోడలు మందమవుతాయి, చివరనుండే గాలి సంచులు చిరిగిపోతాయి, లోపలికి వెళ్లిన గాలి బయటికి రావడానికి మొరాయిస్తుంది. పాతికేళ్ల వయసుకు ఊపిరి బలం శిఖరానికి చేరుతుంది. అక్కడి నుంచి ఆరోగ్యవంతుడికీ ఏటా 20 నుంచి 30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గుతూ వస్తుంది. పొగ పీల్చేవాళ్లలో కొందరికి ఈ తరుగు రెట్టింపు ఉంటుంది. దాదాపు సగం బలం పోయేదాకా చాలామందికి పెద్దగా తెలియదు, ఎందుకంటే తెలియకుండానే పనులు తగ్గించుకుంటూ వస్తారు. మేడ ఎక్కడం మానేస్తారు, సంతకు కొడుకును పంపుతారు, గుడికి ఆటోలో పోతారు. ఇల్లు చిన్నదైనట్టు వాళ్ల లోకం కుదించుకుపోతుంది.

ఇక లెక్కలకు వద్దాం. భారతదేశంలో సీఓపీడీ మీద వచ్చిన సర్వేలన్నీ ఒక చోట పెట్టి చూసిన సమీక్షల్లో పురుషుల్లో 2 నుంచి 22 శాతం దాకా, స్త్రీలలో 1.2 నుంచి 19 శాతం దాకా అంకెలు కనిపిస్తాయి. ఒకే దేశంలో ఒకే జబ్బుకు పది రెట్లకు పైగా తేడా ఉంటే పాఠకుడు నొసలు చిట్లించడం సహజం. ఊరూరికీ తేడా ఉండటం కొంత నిజమే. కానీ తేడాలో పెద్ద భాగం కొలత వల్ల వచ్చిందే.

2012లో వెలువడిన ఇన్‌సెర్చ్ సర్వేను చూడండి. దేశంలోని 12 పట్టణ, 11 గ్రామీణ కేంద్రాల్లో లక్షన్నరకు పైగా జనాన్ని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగారు. 35 ఏళ్లు దాటినవాళ్లలో 3.49 శాతం మందికి దీర్ఘకాలపు బ్రాంకైటిస్, 15 ఏళ్లు దాటినవాళ్లలో 2.05 శాతం మందికి ఉబ్బసం ఉన్నట్టు తేలింది. దేశం మొత్తానికి లెక్క కడితే బ్రాంకైటిస్ రోగులు సుమారు 1.48 కోట్ల మంది. ఆరేళ్ల తర్వాత, 2018లో, లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన రాష్ట్రాలవారీ అంచనా ప్రకారం 2016 నాటికి మన దేశంలో సీఓపీడీ ఉన్నవాళ్లు 5.53 కోట్ల మంది. 1990లో ఆ సంఖ్య 2.81 కోట్లు. కోటిన్నర ఎక్కడ, అయిదున్నర కోట్లు ఎక్కడ? మొదటిదానిలో అడిగింది, దగ్గు, కళ్లె ఉన్నాయా, వరసగా రెండేళ్లు మూడేసి నెలలపాటు ఉన్నాయా అని. రెండోది ఊదించి కొలిచిన అధ్యయనాలనూ కలుపుకుని గణిత నమూనాతో కట్టిన అంచనా. సీఓపీడీ రోగులందరికీ కళ్లె పడదు, కళ్లె పడేవాళ్లందరికీ సీఓపీడీ ఉండదు. పైగా ‘యాభై దాటినాక ఇంతే’ అనే పెద్దావిడ మొదటి లెక్కలో చాలాసార్లు తప్పిపోతుంది.

కొలత అన్నాను గదా, అదేమిటో చెప్పాలి. స్పైరోమీటరు అనే చిన్న యంత్రం ఉంటుంది. ముక్కుకు క్లిప్పు పెడతారు, గొట్టం నోట్లో పెట్టుకోమంటారు, ఛాతీ నిండా గాలి పీల్చి ఒక్క ఊపున వదలమంటారు. పక్కన నిలబడిన టెక్నీషియన్ “ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపకండి” అని అరుస్తూనే ఉండాలి. ఆరు సెకన్లు ఊదడం చూసేవాళ్లకు తేలికే. డెబ్బై ఏళ్ల మనిషికి అది కొండెక్కినంత పని. మూడుసార్లు సరిగ్గా ఊదితేనే లెక్కలోకి వస్తుంది. చాలామంది ఆడవాళ్లు పదిమంది ముందు నోరు తెరిచి బలంగా ఊదడానికి సిగ్గుపడి చెంగు అడ్డం పెట్టుకుంటారు. తర్వాత గొట్టాలు వదులుచేసే మందు పీల్పించి, పావుగంట ఆగి, మళ్లీ ఊదిస్తారు. మొత్తం వదిలిన గాలిలో మొదటి సెకనులో వచ్చినది 70 శాతానికి తక్కువైతే సీఓపీడీ అంటారు. ఈ 70 శాతం గీత కూడా వివాదం లేనిదేం కాదు. వయసు మీదపడినకొద్దీ ఆరోగ్యవంతుల్లోనూ ఆ నిష్పత్తి తగ్గుతుంది కనుక ముసలివాళ్లలో కొందరికి లేని రోగం అంటగడుతుంది, నలభైల్లో ఉన్నవాళ్లలో ఉన్న రోగాన్ని వదిలేస్తుంది.

ఇప్పుడు మన ప్రాంతం. తిరువళ్లూరు జిల్లాలో పొగ తాగని ఆడవాళ్ల ఊపిరిని ప్రత్యేకంగా కొలిచిన అధ్యయనం ఒకటుంది. పోరూరులోని శ్రీ రామచంద్ర విశ్వవిద్యాలయానికి చెందిన కల్పనా బాలకృష్ణన్, అమెరికాలోని బర్కిలీకి చెందిన కిర్క్ స్మిత్ తదితరులు కలిసి చేశారు. 2007 జనవరి నుంచి మే వరకు జిల్లాలోని 45 గ్రామాల్లో 30 ఏళ్లు దాటిన 900 మంది ఆడవాళ్లను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. సీఓపీడీ ఉన్నవాళ్లు 2.44 శాతం. అంటే 900 మందిలో 22 మంది. కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో 2.5 శాతం, గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనం వాడే ఇళ్లలో 2 శాతం. రోజుకు రెండు గంటలకు మించి వంటింట్లో గడిపేవాళ్లలో 3 శాతం. కట్టెల పొగ వల్ల ముప్పు పెరుగుతున్నట్టు కనిపించినా, గణాంకశాస్త్రం నిశ్చయంగా ఒప్పుకునేంత తేడా రాలేదు.

ఇక్కడే జాగ్రత్తగా ఆగి చూడాలి. “చూశారా, పొయ్యి పొగతో పెద్ద నష్టమేం లేదు” అని ఈ అంకెలను చదవడం సులువు. నాకు మాత్రం అలా అనిపించదు. మొదటి కారణం, 2007లో గ్యాసు పొయ్యి ముందున్న ఆవిడ అంతకు పదేళ్ల ముందు ఏ పొయ్యి ముందు కూర్చుందో అన్నది. పెళ్లయిన నాటి నుంచి పాతికేళ్లు కట్టెలు ఊది, అయిదేళ్ల కిందట సిలిండరు తెచ్చుకున్న ఇల్లాలి ఊపిరితిత్తులు కట్టెల ఊపిరితిత్తులే. రెండోది మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. అత్తకు ఆయాసం మొదలైతే పొయ్యి కోడలి చేతికి పోతుంది. సర్వేవాళ్లు వచ్చి “మీరు రోజుకెన్ని గంటలు వండుతారు” అని అడిగే సమయానికి జబ్బుపడ్డ మనిషి వంటింట్లో ఉండదు. అలా కారణమూ కార్యమూ కాగితం మీద విడిపోతాయి. మూడోది, 22 మంది అనేది చాలా చిన్న సంఖ్య. రెండు గుంపులుగా విడదీస్తే తేడాను నిశ్చయించడానికి చాలదు.

జిల్లా దాటి కాస్త పడమరకు పోతే వేలూరు వైపు ఇంకో పాత కొలత దొరుకుతుంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవాళ్లు పల్లెల్లో 30 ఏళ్లు దాటిన 9,946 మందిని అయిదేళ్లపాటు గమనించి 1995లో ఫలితాలు ప్రకటించారు. మగవాళ్లలో వెయ్యికి 40.8, ఆడవాళ్లలో వెయ్యికి 25.5. ఆడవాళ్ల అంకె తిరువళ్లూరు అంకెకు దాదాపు సరిపోవడం గమనించండి. పదేళ్లకు పైగా ఎడంతో, వేర్వేరు బృందాలు, వేర్వేరు ఊళ్లలో తీసిన లెక్కలు నూటికి రెండున్నర దగ్గర కలుసుకుంటున్నాయి. కాబట్టి ఈ ఉత్తర తమిళనాడు పల్లెల్లో 30 దాటిన ఆడవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి, మగవాళ్లలో నలుగురికి ఈ జబ్బు ఉందని అనుకుంటే పెద్దగా తప్పు కాదు. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువే తప్ప తక్కువ ఉండదని నా అభిప్రాయం.

ఎక్కువని ఎందుకంటున్నానంటే, సీఓపీడీ గీతకు ఇవతల మరో గుంపు ఉంది. వాళ్ల ఊపిరి అడ్డుపడదు కానీ మొత్తంగానే చిన్నది. అనేక దేశాల్లో పొగ తాగని ఆరోగ్యవంతుల ఊపిరి కొలిచిన ప్యూర్ అధ్యయనం, 2013లో, దక్షిణాసియావాళ్ల ఊపిరి బలం ఉత్తర అమెరికా, ఐరోపావాళ్లకంటే 31 శాతం తక్కువని చూపింది. “మన జాతి ఒడ్డూ పొడుగూ అంతే” అని చాలాకాలం సర్దిచెప్పుకున్నారు. ఇప్పుడు ఆ మాట అంత ధీమాగా ఎవరూ అనడం లేదు. కడుపులో ఉన్నప్పుడు తల్లికి తిండి చాలకపోవడం, తక్కువ బరువుతో పుట్టడం, పసితనంలో పదేపదే నెమ్ము రావడం, పొయ్యి పక్కనే ఉయ్యాల కట్టడం, ఇవన్నీ ఊపిరితిత్తులు తమ పూర్తి ఎదుగుదల అందుకోకుండా చేస్తాయి. పెద్దయ్యాక సీఓపీడీ వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది ఊపిరి వేగంగా తరిగిపోయినవాళ్లు కారని, యౌవనం నాటికే తక్కువ బలంతో బయల్దేరినవాళ్లని 2015లో వచ్చిన పాశ్చాత్య దేశాల అధ్యయనం ఒకటి చెప్పింది. మన పల్లెల్లో ఆ వాటా ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

పొగ సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. పెరియపాళయం అంటే ముందు గుర్తొచ్చేది ఆరణి నది ఒడ్డున భవానీ అమ్మవారు. ఆడి నెల ఆదివారాల్లో వేపమండలు కట్టుకుని గుడి చుట్టూ తిరిగేవాళ్లు, పొంగళ్లు పెట్టేవాళ్లు, మద్రాసు నుంచి, ఇటు సత్యవేడు, నాగలాపురం, పుత్తూరుల నుంచి బస్సులెక్కి వచ్చేవాళ్లు. ఆంధ్ర వైపు నుంచి వచ్చిన గాజుల వర్తకుడి మూటను అమ్మవారు పుట్టలో దాచుకుందన్న కథ అక్కడ ఏ తెలుగింట్లో అడిగినా చెబుతారు. ఆ పొంగళ్ల కోసం మూడు ఇటుకలు పెట్టి, తుమ్మకట్టె ముక్కలు దోపి, గాలి ఎదురైతే కొంగుతో కళ్లొత్తుకుంటూ ఊదే ఆ పొయ్యి ఏడాదికొక పూట సంబరం. ఆరుబయట పొగ ఆకాశానికి పోతుంది. అదే పొయ్యి కిటికీ లేని వంటగదిలో, రోజుకు రెండు మూడు పూటలు, ముప్ఫై ఏళ్లు ఉంటే సంగతి వేరు. అటక మీద పేరుకున్న మసిని చూస్తే చాలు. ఊపిరితిత్తులకు తుడుచుకునే చీపురు లేదు.

ఈ ప్రాంతంలో సర్కారు తుమ్మ, సవక కట్టెలు, వేరుశనగ కట్టె, పిడకలు పొయ్యిలోకి వెళ్తాయి. తడి కట్టె, పిడక నిదానంగా రగులుతాయి. మంట తక్కువ, పొగ ఎక్కువ. ఇదే శ్రీ రామచంద్ర బృందం తమిళనాడులోని నాలుగు జిల్లాల్లో 436 ఇళ్లలో గాలి కొలిచి 2002లో ప్రకటించింది. కట్టెల పొయ్యి మీద వంట జరుగుతున్నప్పుడు ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నని కణాలు ఘనపు మీటరుకు 500 నుంచి 2,000 మైక్రోగ్రాముల దాకా ఉన్నాయి. తెలుగు జిల్లాలనూ వాళ్లు వదల్లేదు. వరంగల్, నిజామాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో 420 ఇళ్లు కొలిచి 2004లో ఇచ్చిన లెక్క ప్రకారం 24 గంటల సగటు గ్యాసు ఇళ్లలో 73, కొన్ని ఘన ఇంధనాల ఇళ్లలో 732. ఇంకా సన్నని కణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన 24 గంటల హద్దు 15. రెండూ ఒకే పరిమాణం కణాలు కాకపోయినా, ఈ అంకెల మధ్య దూరం చాలు మాట్లాడటానికి. గ్యాసు ఇంట్లో కూడా 73 ఉంది చూశారా, పక్కింటి పొగకు గోడ అడ్డం కాదు.

మరి గ్యాసు వచ్చేసింది గదా అంటారు. వచ్చింది. అది నిజంగా పెద్ద మార్పు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం 1999లోనే మొదలైంది. తమిళనాడు ప్రభుత్వం ఉచిత గ్యాసు పొయ్యిలు పంచింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్లు తమిళనాడులో 82.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6, తెలంగాణలో 91.8. దేశం సగటు 58.6. దక్షిణాది ఈ విషయంలో ముందుంది, ఒప్పుకోవాలి. కానీ ఆ సర్వే అడిగేది “ప్రధానంగా దేనితో వండుతారు” అని. స్నానానికి నీళ్లు కాగేది పెరట్లో కట్టెల మీదే. ధాన్యం ఉడకబెట్టేది, పశువుల దాణా ఉడికించేది, పండక్కి పిండివంటలు చేసేది కట్టెల మీదే. సిలిండరు అయిపోయి, డబ్బు చేతికి వచ్చేదాకా పది రోజులు వంటంతా దాని మీదే. ఆ పది రోజులు ఏ లెక్కలోనూ ఉండవు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర్లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం, తెలంగాణలో 500 రూపాయలకు సిలిండరు ఇవ్వడం రాజకీయ వాగ్దానాలుగానే చర్చకొచ్చాయి. నన్నడిగితే అవి ఊపిరితిత్తుల వైద్యం కింద రాయాల్సిన ఖర్చు.

అయితే గ్యాసు ఇస్తే అన్నీ కుదురుకుంటాయని చెప్పేవాళ్లకు ఒక చేదు సంగతి. హాపిన్ అనే పెద్ద ప్రయోగం నాలుగు దేశాల్లో జరిగింది. భారత్ తరఫున తమిళనాడులోని విల్లుపురం, నాగపట్టణం ప్రాంతాల్లో గర్భిణులను చేర్చుకున్నారు. మొత్తం 3,200 మందిలో సగం మందికి గ్యాసు పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇంటికి చేర్చారు. వాళ్లు పీల్చే పొగ సగానికి మించి తగ్గింది. కానీ పుట్టిన పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో తేల్చారు. నిరాశపడాల్సిన పని లేదు. అది శిశువుల బరువు గురించిన ప్రశ్న, ఏడాదిన్నర వ్యవధి. ముప్ఫై ఏళ్ల పొగకు ముప్ఫై ఏళ్ల జవాబు కావాలి. అయినా ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. ఆలస్యంగా, అరకొరగా పొగ తగ్గిస్తే ఒళ్లు వెంటనే కృతజ్ఞత చూపించదు.

పొగాకు సంగతి అందరికీ తెలుసు కనుక త్వరగా దాటుతాను. 2016-17 ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం భారత్‌లో పొగ తాగే మగవాళ్లు 19 శాతం, ఆడవాళ్లు 2 శాతం. సిగరెట్ల కంటే బీడీలు కాల్చేవాళ్లే ఎక్కువ. బీడీ చిన్నది కదా, తక్కువ చెడుపు అనుకుంటారు. ఆకు సరిగ్గా మండదు కనుక ఆరిపోకుండా గట్టిగా లాగాలి, లోతుగా పీల్చాలి. పడమటి దేశాల్లో పొగాకే ప్రధాన దోషి. అందుకే అక్కడ రాసిన పాఠ్యపుస్తకాల్లో సీఓపీడీ రోగి బొమ్మ అంటే సిగరెట్టు పట్టుకున్న ముసలాయనే. పరిశోధకులు సాల్వి, బార్న్స్ 2009లో లాన్సెట్‌లో రాసిన సమీక్ష ఆ బొమ్మను కదిపింది. ప్రపంచంలో సీఓపీడీ రోగుల్లో 25 నుంచి 45 శాతం మంది ఎన్నడూ పొగ తాగనివాళ్లని వాళ్లు చూపారు. 2018 నాటి భారత అంచనా ఇంకా సూటిగా చెప్పింది: మన దేశంలో సీఓపీడీ వల్ల కలిగే నష్టంలో 53.7 శాతం గాలి కాలుష్యానిది, 25.4 శాతం పొగాకుది, 16.5 శాతం పనిచేసేచోటి దుమ్ముధూళిది. అదే అంచనాలో ఇంకో వాక్యముంది: ప్రపంచ జనాభాలో 18 శాతం ఉన్న మనం, దీర్ఘకాలపు శ్వాస జబ్బుల భారంలో 32 శాతం మోస్తున్నాం. మన డాక్టర్లలో కొందరు ఇప్పటికీ ఆయాసంతో వచ్చిన ఇల్లాలిని “పొగ తాగుతారా” అని అడిగి, లేదంటే ఉబ్బసం అని రాసి పంపేస్తారు. అడగాల్సిన ప్రశ్న “ఏ పొయ్యి మీద వండారు, ఎన్నేళ్లు” అని.

ఇంతవరకూ చెప్పినవి దేశంలో ఎక్కడైనా ఉన్నవే. తిరువళ్లూరుకు ప్రత్యేకమైన కథ ఒకటుంది, అది క్షయది. ప్రపంచ క్షయ చరిత్రలో ఈ జిల్లా పేరు లేని పుస్తకం ఉండదు. 1968లో ఇక్కడ, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, బీసీజీ టీకా మీద ప్రపంచంలోకెల్లా పెద్ద పరీక్ష మొదలైంది. రెండు లక్షల ఎనభై వేలకు పైగా మందిని పదిహేనేళ్లు గమనించారు. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. ఆ ఫలితం ప్రపంచాన్నే నివ్వెరపరిచింది. 1999లో ఇక్కడే, ఎదుట నిలబడి మందు మింగించే డాట్స్ చికిత్స మొదలుపెట్టి, చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రం మూడుసార్లు ఊరూరా సర్వే చేసింది. కల్చర్ పరీక్షలో క్షయ తేలినవాళ్లు లక్షకు 605 నుంచి 454కు, 2004-06 నాటికి 309కి తగ్గారు. గొప్ప విజయం, సందేహం లేదు.

కానీ క్షయ నయమైన మనిషిని వైద్య వ్యవస్థ అక్కడితో మరిచిపోతుంది. సూక్ష్మజీవి చచ్చింది, కార్డు మూసేశారు. ఊపిరితిత్తిలో మిగిలిన మచ్చ, ముడుచుకుపోయిన గొట్టం, వెడల్పయిన సంచి ఎక్కడికీ పోవు. చెన్నై కేంద్రంలో పూర్తిగా నయమైన రోగులను పదహారేళ్ల తర్వాత పిలిచి చూస్తే మూడింట రెండు వంతుల మంది ఊపిరి పరీక్షలో లోపం కనిపించింది. ఒకప్పుడు లక్షకు ఆరు వందల మందికి క్షయ ఉన్న ప్రాంతంలో ఇలా నయమై, ఆయాసంతో బతుకుతున్నవాళ్లు ఎంతమంది ఉండాలి? వాళ్లలో చాలామంది మళ్లీ దగ్గు వస్తే మళ్లీ క్షయే అనుకుని తాంబరం సానటోరియం బస్సెక్కుతారు. 1928లో డేవిడ్ చౌరి ముత్తు కట్టిన ఆ ఆసుపత్రి మీద ఇక్కడి జనానికి అంత గురి. కళ్లె పరీక్షలో సూక్ష్మజీవి ఉండదు, మందులిచ్చి పంపేస్తారు, మళ్లీ వస్తారు. పొగకూ క్షయకూ చుట్టరికం కూడా ఉంది. తిరువళ్లూరులోనే జరిగిన అధ్యయనంలో, 2002లో, పొగ తాగేవాళ్లకు క్షయ వచ్చే అవకాశం రెండు రెట్లకు పైగా కనిపించింది. ముందు పొగ క్షయను పిలుస్తుంది, తర్వాత క్షయ మచ్చ మీద పొగ పని చేస్తుంది.

పని దుమ్ము గురించి రాయడానికి ఈ జిల్లాలో కొదవ లేదు. సంక్రాంతి దాటగానే ఇటుక బట్టీలు రగులుతాయి. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పిల్లాపాపలతో ఆ పొగ పక్కనే గుడిసెలు వేసుకుంటాయి. రెడ్‌హిల్స్ రైస్ మిల్లుల్లో తవుడు దుమ్ము, బాయిలరు కింద మండే ఊక, ఆరబోసే కళ్లం మీద లేచే పొట్టు. పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు పవర్‌లూమ్ మగ్గాల్లో నూలు పీచు. స్పిన్నింగ్ మిల్లుల్లో ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనికి పోగానే ఛాతీ బిగుసుకుపోయే బిసినోసిస్ అనే జబ్బుంది. నేతలో దూది దుమ్ము అంత ఉండదు కనుక ముప్పు తక్కువే, లేదని మాత్రం అనలేం. క్వారీ, క్రషర్ల రాతిపొడి అన్నిటికంటే క్రూరం. సిలికోసిస్ చట్టం ప్రకారం తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధి. ముఠా మేస్త్రీ కింద రోజుకూలికి రాళ్లు కొట్టేవాడి పేరు ఏ ఫ్యాక్టరీ రిజిస్టర్లో ఉంటుంది, ఎవరు తెలియజేస్తారు? అతని ఎక్స్‌రే మీద మచ్చలు చూసి క్షయ మందులే రాయడం కద్దు.

బయటి గాలి మాట కూడా చెప్పి ఈ కారణాల జాబితా ముగిస్తాను. తూర్పున ఎన్నూరు థర్మల్ కేంద్రాలు, మణలి రిఫైనరీ, ఉత్తరాన గుమ్మిడిపూండి ఉక్కు కర్మాగారాలు, మధ్యలో లారీల రోడ్లు. వీటి మీద వచ్చే ఫిర్యాదులన్నీ ఒక ఎత్తు, భోగి తెల్లవారుజాము ఒక ఎత్తు. టైర్లు, ప్లాస్టిక్కు వేసి కాల్చే ఆ పొగమంచులో చెన్నై విమానాలు దిగలేక వెనుదిరిగిన ఏళ్లున్నాయి. మన తాతలు కాల్చింది పిడకలు, పాత చాపలు. సంప్రదాయం పేరుతో రబ్బరు కాల్చే హక్కు ఎవరిచ్చారో నాకర్థం కాదు.

ఇంతకూ రోగికి దొరికేదేమిటి? తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు వైపు పల్లెలు మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రకు మారినప్పటి నుంచీ ఈ సరిహద్దు జనం రెండు ప్రభుత్వాల వైద్యం చూస్తున్నారు. రెండు చోట్లా బీపీకి, షుగరుకు ఇంటిదాకా మందులొస్తున్నాయి. తమిళనాడులో 2021లో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ అందుకు మంచి ఉదాహరణ. 2023లో కేంద్రం తన అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమంలో సీఓపీడీ, ఉబ్బసాలను కూడా చేర్చింది. కాగితం మీద చేరింది. బీపీ చూసే పట్టీ, షుగరు చూసే మీటరు ప్రాథమిక కేంద్రానికి వచ్చినట్టు స్పైరోమీటరు ఇంకా రాలేదు. ఊదించడం నేర్చిన మనిషి అంతకంటే అరుదు. అందుకే ఆయాసం ముదిరిన రాత్రి ఏదో క్లినిక్కులో ఒక డెరిఫిల్లిన్ ఇంజెక్షన్, ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్, తెల్లారేసరికి హాయి, నెల తిరిగేసరికి మళ్లీ అదే బల్ల. ఇన్‌హేలరు రాసిస్తే “పంపు అలవాటైపోతుందట” అని పక్కన పడేస్తారు. నిజానికి ఇంజెక్షన్లో మందు ఒళ్లంతా తిరిగి చేసే పనిని పంపులోని చిటికెడు మందు నేరుగా గొట్టాల దగ్గర చేస్తుంది. అలవాటు కావడమంటూ ఉంటే ఆ నెలనెలా ఇంజెక్షనే అలవాటు.

మీ ఇంట్లో నలభై దాటిన మనిషి కట్టెల ముందు ఏళ్లు గడిపి ఉన్నా, బీడీ కాల్చినా, ఒకప్పుడు క్షయ మందులు వాడినా, బట్టీలోనో క్రషర్లోనో పని చేసినా, ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు “ఊది చూసే పరీక్ష చేయండి” అని మీరే అడగండి. తిరువళ్లూరులో 2022లో మెడికల్ కాలేజీ వచ్చింది, తాంబరం ఉండనే ఉంది, ఇటువైపు తిరుపతి ఉంది. పరీక్షకు మందుతో కలిపి అరగంట పడుతుంది. ఊదడానికి ముందు బిగుతు జాకెట్టు, నడుం బెల్టు వదులు చేసుకోమని, కడుపు నిండా తిని పోవద్దని చెప్పండి.